మా కోడలి పురుగుల కోసం ప్రార్థన

నా ఉద్యోగం ఏమిటో నరసరావుపేటలో ఎవరికైనా చెప్పి ఒప్పించడం నాకింతవరకూ చేతకాలేదు. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతానంటే సరేనంటారు. మిగతా సమయంలో సీతాకోకచిలుకల మీద పరిశోధన చేస్తానంటే మొహం అదోలా పెడతారు. ఎందుకని అడుగుతారు. అవి ఇప్పుడున్నట్టుగా ఎలా మారాయో, ఎందుకు మారాయో తెలుసుకోవడానికి అంటాను. తెలుసుకుని ఏం చేస్తారంటారు. అక్కడికొచ్చేసరికి నేను టీ తాగుతారా అని అడిగి లోపలికి వెళ్లిపోతాను.

చివరికి మా వీధివాళ్లే నాకో హోదా ఇచ్చారు, పురుగుల డాక్టరని. ఈ చుట్టుపక్కల పురుగంటే మిరపతోటలో పురుగు, పత్తిచేలో పురుగు. దాని మీద చదువుకున్నవాళ్లు దాన్ని చంపడానికే చదువుకుని ఉంటారు కదా. రొంపిచెర్ల వైపు నుంచి మా ఆయన తరపు చుట్టాలు ముడతపడ్డ మిరపాకుల్ని క్యారీబ్యాగులో వేసుకొచ్చి, నా ముందు పోసి, ఏ మందు కొట్టమంటావని అడుగుతారు. నాకు తెలియదంటే, తెలిసి కూడా చెప్పడం లేదనుకుంటారు. ఒకాయన గేటు దాటుతూ, నాలుగు ముక్కలు చదివేసరికి ఎంత పొగరో చూశావా అన్నాడు. పొగరుగా ఉండటానికి తగిన కారణం ఒక్కటి దొరికితే బాగుండునని నాకూ ఉండేది.

ఇంతకీ నేను పట్టుకు వేలాడుతున్న సీతాకోకచిలుక ఏ అడవుల్లోనో ఉండేది కాదు. మీ పెరట్లో కరివేపాకు చెట్టు చుట్టూ తిరిగేదే. నల్లగా ఉంటుంది, కింది రెక్కల మీద తెల్లమచ్చల వరస ఉంటుంది. మగవన్నీ అచ్చం ఇలాగే ఉంటాయి. ఆడవాటిలో కొన్ని మగవాటిలాగే నల్లగా ఉంటే, కొన్ని మాత్రం ఎర్రమచ్చలేసుకుని పూర్తిగా వేరే జాతి సీతాకోకచిలుకలా కనబడతాయి. ఆ వేరే జాతిది పురుగుగా ఉన్నప్పుడు నల్లరేగడి చేలగట్ల మీద గాడిదగడపాకు తిని ఒళ్లంతా విషం నింపుకుంటుంది కాబట్టి పిట్టలు దాన్ని ముట్టవు. మన కరివేపాకుదానికి విషం లేదు, వేషం ఉంది. ఆ వేషం చూసి పిట్టలు మోసపోతాయి. మరి మగదానికి ఆ వేషం ఎందుకు లేదన్నది ఎప్పటినుంచో నడుస్తున్న ప్రశ్న.

పెళ్లయిన కొత్తలో ఇదంతా మా అత్తయ్యకు చెప్పాను. చిక్కుడుకాయలకు ఈనె తీస్తూ ఆవిడ మొత్తం విన్నది. విని, "మగోడికేందే, ఎట్టున్నా చెల్లుద్ది" అని మళ్లీ కాయల్లో పడింది. శాస్త్రం ప్రకారం అది తప్పు జవాబే. అయినా దేశదేశాల వాళ్లు రాసిన పేపర్లన్నిటికంటే పొట్టిగా ఉంది.

ఆ పేపర్ల వరసలో నాదీ ఒకటి చేరాలని పీహెచ్‌డీకి రిజిస్టర్ చేసుకున్నాను. తర్వాత పెద్దది పుట్టింది, గడువు పెంచమని అడిగాను. చిన్నది పుట్టింది, మళ్లీ అడిగాను. కరోనా వచ్చింది, అందరికీ పెంచారు, పనిలో పనిగా నాకూ పెరిగింది. ఇక ఆ తర్వాత పెంచేది లేదని యూనివర్సిటీ వాళ్లు కాయితం మీద రాసిచ్చారు. మా గైడు గారు రిటైరవుతున్నారు. నాకు ఫోన్ చేసినప్పుడల్లా బాగున్నావా అని కూడా అడగకుండా, ఆ గడి నిండిందా అనేవారు.

ఆ గడి సంగతి చెప్పాలి. నా థీసిస్‌లో ఒక పెద్ద పట్టిక ఉంది. ఏ తల్లికి, ఏ తండ్రికి ఎలాంటి కూతుళ్లు పుట్టారన్నది అందులో ఉంటుంది. అన్ని గళ్లూ నిండాయి, ఒక్కటి తప్ప. వేషం లేని నల్ల తల్లికీ, వేషగాళ్ల వంశంలో పుట్టిన తండ్రికీ కలిగిన సంతానం. ఆ తండ్రి కూడా చూడటానికి అందరు మగవాళ్లలాగే నల్లగా ఉంటాడు. ఎర్రవేషం గుణం లోపలెక్కడో దాచుకుని ఉంటాడు. దాచుకున్నాడా లేదా అన్నది కూతుళ్లను చూస్తేనే తెలుస్తుంది. కొడుకులెంతమంది పుట్టినా నాన్నలాగే నల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంటారు. కాబట్టి ఆ జంటకు ఎర్రమచ్చల కూతురు ఒక్కతి పుడితే నా గడి నిండుతుంది, థీసిస్ యూనివర్సిటీకి చేరుతుంది, ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. పుట్టకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. ఇక ఏటా జూన్ నెలలో నేను కాలేజీలో ఉంటానో ఊడతానో ప్రిన్సిపాల్ గారి మొహం చూసి తెలుసుకుంటూ బతకాలి.

నల్ల తల్లి కోసం కారంపూడి దగ్గర ఒక నిమ్మతోటకు వెళ్లి ఆకుల మీది పురుగుల్ని ఏరుకొచ్చి పెంచాను. తోట యజమాని నేను పురుగులేరడం చూసి ఎంత సంతోషపడ్డాడంటే, రోజూ రమ్మన్నాడు, బస్సు చార్జీ కూడా తనే పెట్టుకుంటానన్నాడు. ఆ పురుగుల్లో నల్ల ఆడది పుట్టింది. దానికీ, నా దగ్గర పెరిగిన మగదానికీ పెళ్లి చేయాలి. వాటంతటవి కలవకపోతే రెండింటినీ రెండు చేతుల్తో పట్టుకుని మనమే కలపాలి. మా ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు, పరువు గల మనిషి. నేనా పని చేస్తున్నంతసేపూ డాబా మెట్ల దగ్గర నిలబడి ఎవరూ పైకి రాకుండా కాపలా కాశాడు. పిల్లలడిగితే అమ్మ బట్టలారేస్తోందని చెప్పాడు.

గుడ్లు పెట్టింది. వరండాలో కరివేపాకు కుండీల మీద దోమతెర కట్టాం. కుండీలు పెట్టిన బల్ల కాళ్లకింద నీళ్ల పళ్లాలు పెట్టింది మా అత్తయ్యే, అరిసెల డబ్బాకు చీమలు పట్టకుండా పెట్టినట్టు. మొదట్లో ఆవిడకు ఇవంటే అసహ్యం. చిన్నప్పుడు ఆ పురుగులు పిట్టరెట్ట లాగా ఉంటాయి, పెద్దయ్యాక ఆకుపచ్చగా బలుస్తాయి, ముట్టుకుంటే తల మీంచి ఎర్రటి కొమ్ము బయటపెట్టి కంపు కొడతాయి. నీ పురుగులు నా మీద కొమ్ములేస్తున్నయ్యి అని నాతో పోట్లాడేది. పోట్లాడుతూనే, నేను కాలేజీకి వెళ్లాక బల్లుల్నీ కందిరీగల్నీ అదిలిస్తూ వాటి దగ్గరే కూర్చునేది. కొన్నాళ్లకు నా పురుగులు కాస్తా మన పురుగులయ్యాయి.

పురుగులు తెగ తిన్నాయి. కుండీలన్నీ మోడులయ్యాయి. పక్కిళ్ల చెట్లూ అయిపోయాయి. కాలేజీకి టైమవుతోంది. మార్కెట్టుకెళ్లి కరివేపాకు కట్టలు తెచ్చి వేశాను. మార్కెట్టు కరివేపాకుకు మందు కొడతారని నాకు తెలియదా? క్లాసులో పాఠంలా చెబుతాను. అయినా ఉప్పూ పసుపూ వేసిన నీళ్లలో ఝాడించి, మనం రోజూ పోపులో వేసుకుంటున్నాం, మనకేం అయింది గనక అనుకుని వేశాను. ఇంత చదివిన బుర్ర అవసరానికి ఇలా పనిచేసింది. సాయంత్రం వచ్చేసరికి పురుగులు కొమ్మలకు తలకిందులుగా వేలాడుతున్నాయి, నోటివెంట పచ్చగా కారుతోంది. ఒక్కొక్కటే తీసి పళ్లెంలో వేశాను. వంటింట్లోకెళ్లి స్టవ్ పక్కన నిలబడి ఏడ్చాను. సీతాకోకచిలుకల కోసం ఏడ్చానా, ఉద్యోగం కోసం ఏడ్చానా అంటే, నిజం చెప్పొద్దూ, ఉద్యోగం కోసమే. మిగిలినవి గుప్పెడే.

ఆ ఏడుపు మా అత్తయ్య చూసింది. చూసి ఊరుకునే మనిషి కాదు. శుక్రవారం చర్చిలో స్త్రీల కూడికలో లేచి, మా కోడలి పురుగుల సంగతి చానా కష్టంగా ఉంది, ప్రార్థన చెయ్యండని మనవి పెట్టింది. మర్నాడు అయ్యగారు, అంటే మా చర్చి పాస్టరు గారు, నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చారు.

అయ్యగారిది బెల్లంకొండ వైపు. చర్చికొచ్చేవాళ్లలో సగంమంది మిరప రైతులు. ఆ ఏడు మిరపకు పురుగు తగిలి అందరూ గగ్గోలు పెడుతున్నారు, ఆయన వారమంతా చేల గట్ల మీద నిలబడి ప్రార్థన చేస్తూనే ఉన్నారు. మా ఇంట్లోనూ అదే కష్టమనుకున్నారు. మా అందరినీ మోకరించమని, రెండు చేతులూ పైకెత్తి మొదలుపెట్టారు. ఈ ఇంటిని పీడిస్తున్న ప్రతి పురుగునూ గుడ్డుతో సహా నిర్మూలం చేయమన్నారు. ఆకుమీద ఒక్కటీ మిగలకూడదన్నారు. గొంతు పెరుగుతూ పోయింది. ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు. చివర అందరూ గట్టిగా ఆమెన్ అన్నారు. చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు కొద్దీ నేనూ అన్నాను. అన్నాక గానీ దేనికన్నానో అర్థం కాలేదు.

పదిమందికి డార్విన్ పాఠం చెప్పే మనిషిని. ప్రార్థనకూ పురుగుకూ సంబంధం లేదని నాకంటే బాగా తెలిసినవాళ్లు మా వీధిలో ఉండరు. అలాంటిదాన్ని చెప్పులు కూడా లేకుండా గేటు దాకా పరిగెత్తాను. అయ్యగారు బండెక్కి హెల్మెట్ పెట్టుకోబోతున్నారు.

"అయ్యగారూ, ఇందాకటి ప్రార్థన వెనక్కి తీసుకోవాలండీ" అన్నాను.

అట్టా తీసుకునేది ఉండదమ్మా అన్నారాయన. పోనీ దాన్ని కొట్టేసేలా ఇంకొకటి చేయమన్నాను. విషయమంతా చెప్పాను, చదువు, గడి, ఉద్యోగం. ఓపికగా విన్నారు. మంచి మనిషి.

"అయితే పురుగులు బతకాలంటావు."

"బతకాలండీ."

ఆయన వీధికి ఆ చివరా ఈ చివరా చూశారు. చర్చిలో మాత్రం నన్నడగొద్దమ్మా, రైతులుంటారు అన్నారు. హెల్మెట్ చంకలో పెట్టుకుని, బండి మీద కూర్చునే, పెదాలు కదిలీ కదలకుండా నా పురుగుల ఆయుష్షు కోసం ప్రార్థన చేశారు. నేను గేటు పట్టుకుని నిలబడి ఆమెన్ అన్నాను. సోమవారం క్లాసులో ప్రకృతివరణం గురించి ఎప్పటికంటే గట్టిగా అరిచి చెప్పాను.

మిగిలిన గుప్పెడూ బతికి గూళ్లు కట్టుకున్నాయి. గూడు చివరనుండే గీతల్ని భూతద్దంలో చూస్తే లోపలున్నది ఆడో మగో చెప్పొచ్చు. నేను భూతద్దం తీస్తుంటే మా ఆయన వచ్చి, లింగనిర్ధారణ చట్టరీత్యా నేరం, స్కానింగ్ సెంటర్ల బయట బోర్డు చూళ్లేదా అన్నాడు. ఆయన జోకులు సోషల్ పాఠంలాగే ఉంటాయి. నేను చూశాను. సగానికి సగం ఆడవేనని తేల్చేసి, సంతోషం పట్టలేక గైడు గారికి ఫోన్ కూడా చేశాను.

మొదటిది మగది. రెండోదీ మగదే. నేను కచ్చితంగా ఆడదని రాసిపెట్టుకున్నది కూడా తడిరెక్కలు విప్పి, తీరిగ్గా తండ్రిలాగే నల్లగా వేలాడింది. రోజూ పొద్దున్నే దోమతెర దగ్గరకెళ్లడం, మొహం వేలాడేసుకుని రావడం నా పనైపోయింది. మా అత్తయ్య మాత్రం కూడికలో అందరికీ శుభవార్త చెప్పేసింది, పురుగులు బతికినయ్యి, పుట్టినయ్యన్నీ మగపిల్లలేనని. ఆడవాళ్లు ఇంటికొచ్చి నా చేతులు పట్టుకున్నారు. ఒకావిడ, దేవుడు నీకు ఈ రూపంలో ఇచ్చాడమ్మా అని కళ్లు తుడుచుకుంది. నాకున్న ఇద్దరూ ఆడపిల్లలే. ఆవిడ మనసు మంచిదే, అందుకని టీ పెట్టడానికి లోపలికి వెళ్లాను.

మా చర్చిలో ప్రార్థన ఫలిస్తే ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. జ్వరం తగ్గినా, బోరులో నీళ్లు పడినా, మైకు దగ్గరకెళ్లి చెప్పాల్సిందే. అయ్యగారు పురుగు అనే మాట రాకుండా జాగ్రత్తపడి, మన సహోదరి చదువు విషయంలో దేవుడు మేలు చేశాడు, వచ్చి సాక్ష్యమిస్తుందన్నారు. మైకు ముందు నిలబడ్డాను. వందనాలు చెప్పి, రెండు మాటలు మాట్లాడి కూర్చుంటే సరిపోయేది. అలా ఊరుకునే బుద్ధే ఉంటే ఈ చదువులోకి ఎందుకొస్తాను.

"మగవి నాకు పనికిరావండీ" అన్నాను. "ఇంకా గూళ్లు మిగిలినయ్యి. వాటిలో ఆడపిల్ల పుట్టాలని ప్రార్థన చెయ్యండి."

ఆడవాళ్ల వైపు ఎవరూ కదల్లేదు. మగవాళ్ల వైపు వెనక వరసలో ఎవరో కిసుక్కుమంటే మిగతావాళ్లు అందుకున్నారు. ఆ చర్చిలో కడుపుతో ఉన్నవాళ్ల కోసం ఎన్ని ప్రార్థనలు జరిగాయో లెక్కలేదు. ఏం పుట్టాలని అడుగుతున్నారో ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు. ఆడపిల్ల కావాలని మైకులో అడిగిన మనిషి అక్కడ అంతకుముందు లేదు. అయ్యగారు కళ్లు మూసుకుని, ప్రభువా, నీ చిత్తప్రకారం జరిగించు అన్నారు. ఆడపిల్ల అన్న ఒక్క మాట మాత్రం ఆయన నోట రాలేదు. వెంటనే పాట ఎత్తుకున్నారు.

ఆటోలో వస్తుంటే మా అత్తయ్య నాతో మాట్లాడలేదు. నలుగురిలో పరువు తీశానని కోపమనుకున్నాను. నాక్కూడా ఆవిడ మీద ఒక కోపం ఉంది, ఎన్నడూ బయటపెట్టనిది. నేను కడుపుతో ఉన్నప్పుడు రెండుసార్లూ ఆవిడ మగపిల్లాడి కోసం ఉపవాస ప్రార్థనలు చేసింది. దాచలేదు కూడా, నాకే చెప్పి చేసేది. నేను నవ్వేసేదాన్ని. బిడ్డ ఆడో మగో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది అత్తయ్యా, ఇప్పుడు మీరు అన్నం మానేస్తే మారదు అని పాఠం చెప్పేదాన్ని. నవ్వానే గానీ నాకు చాలా బాధగా ఉండేది.

చివరికి ఒక్క గూడు మిగిలింది. అదీ మగదే అయ్యుంటుందని ఆశ వదిలేశాను. గైడు గారి ఫోన్ ఎత్తడం మానేశాను. కాలేజీ ఊడితే పిడుగురాళ్లలో ప్రైవేటు స్కూలుందని, అక్కడ సైన్స్ టీచర్ కావాలట అని మా ఆయన మెల్లగా, చాలా మెల్లగా అన్నాడు. అది విని నేను పళ్లెం తోమడంలో మునిగిపోయాను.

ఆ పొద్దున గూడు నల్లబడింది. అంటే లోపల రెక్కలు సిద్ధమైనట్టే, ఆరోజే విప్పుకుంటుంది. నాకు మొదటి గంటే క్లాసు. బ్యాగు తీసుకుని వరండాలోకొస్తే మా అత్తయ్య కొంగు తలమీద కప్పుకుని, దోమతెర మీద చెయ్యివేసి నిలబడి ఉంది. నేను వచ్చింది చూడలేదు. చిన్నగా, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు అడుగుతోంది.

"నాయనా, ఆడపిల్లనియ్యి. మా అమ్మాయి చానా కష్టపడ్డది. ఆడపిల్లనే ఇయ్యి."

లోపల ఎప్పుడో తేలిపోయి ఉంటుందని ఈసారి నేను చెప్పలేదు. చప్పుడు కాకుండా పక్కనుంచి గేటు తీసుకుని వెళ్లిపోయాను.

క్లాసు మధ్యలో ఫోన్ మోగింది. క్లాసులో ఉన్నప్పుడు ఆవిడ ఎప్పుడూ చెయ్యదు. పిల్లలకెవరికో ఏదో అయిందనుకున్నాను. ఎత్తాను.

"ఏమే, ఆడపిల్లేనే. ఎర్రంగా ఉంది" అంది.

నేను బోర్డు వైపు తిరిగి నిలబడ్డాను, స్టూడెంట్లకు మొహం కనబడకుండా. ఆడపిల్ల అన్న ఆ మాటను ఆస్పత్రిలో నర్సు బయటికొచ్చి ఆవిడకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ ఆవిడ ఫ్లాస్కు కడుక్కొస్తానని కుళాయి దగ్గరకెళ్లి చాలాసేపు రాలేదని మా ఆయన ఒకసారి నోరుజారి చెప్పాడు. ఇప్పుడు ఫోన్ పెట్టెయ్యడం కూడా మర్చిపోయి చేత్తో పట్టుకునే వీధిలోకి వెళ్లినట్టుంది. గేటు చప్పుడైంది. ఎదురింటావిడను పేరు పెట్టి పిలుస్తోంది. ఏమైంది పిన్నీ అని ఆవిడ అడుగుతోంది.

"మా ఇంట్లో ఆడపిల్ల పుట్టిందమ్మా" అంటోంది మా అత్తయ్య, వీధంతా వినబడేలా.